పాచి కింద పేరు

సముద్రపు నాచును కాగితం మీద అద్ది ఆరబెట్టి, వాటి ఆధారంగా బొమ్మలు, అచ్చులు, బట్టల మీద డిజైన్లు చేసే కళ మళ్లీ బాగా కనిపిస్తోంది. పాత నాచు ఆల్బమ్‌లను మ్యూజియంలు బీరువాల్లోంచి బయటికి తీస్తున్నాయి. 2018లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ అన్నా అట్కిన్స్ నాచు చిత్రాలతో పెద్ద ప్రదర్శన పెట్టింది. ఆమె స్ఫూర్తితో ఇప్పటి కళాకారులు చేసిన పనులకు విడిగా ఇంకో ప్రదర్శన పెట్టింది. అయితే ఈ కళ గురించి వచ్చే రాతల్లో ఎప్పుడూ అవే మాటలు తిరుగుతుంటాయి. ఎంత సుకుమారం, ఎంత నాజూకు, లేసు అల్లినట్టుంది, ఈక పరిచినట్టుంది. మన దగ్గర కూడా ఆడవాళ్ల పనిని మెచ్చుకోవాల్సి వచ్చినప్పుడు బయటికొచ్చేవి ఈ నాలుగు మాటలే. అందుకే నాకు అనుమానం వచ్చింది. సుకుమారం అనే మాట చాటున ఎంత పని, ఎవరి పని దాగి ఉందో చూడాలనిపించింది.

కరీంనగర్‌లో కూర్చుని సముద్రపు నాచు గురించి రాయడమేమిటని ఎవరైనా అడగొచ్చు. నేను పుట్టింది కరీంనగర్ జిల్లాలో. బోటనీ లెక్చరర్‌గా ఎక్కువ కాలం పని చేసింది ఆదిలాబాద్ జిల్లాలో. మాకు చెరువులున్నాయి, మానేరుంది, గోదావరి ఉంది, సముద్రం మాత్రం లేదు. ఎమ్మెస్సీ కోసం విశాఖపట్నం వెళ్లినప్పుడే మొదటిసారి సముద్రాన్నీ, దాని రాళ్ల మీద పెరిగే నాచునూ చూశాను. ఆ తీరంలో ఏ నాచు ఏ కాలంలో, ఏ ఎత్తులో పెరుగుతుందో ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు 1964లోనే పరిశోధించి ప్రచురించారు. మేం ఆటు వేళ చూసుకుని, జారే రాళ్ల మీద ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని నడుస్తూ, నమూనాలు ఏరేవాళ్లం. పలచటి పచ్చ కాగితంలాంటి ఉల్వా, చిన్న విసనకర్రలాంటి పడైనా, కొమ్మల నిండా గాలిబుడగలున్న సర్గాసం, ఎర్రటి గ్రాసిలేరియా.

నాచును అద్దడం చెట్టు కొమ్మను అద్దినంత తేలిక కాదు. నీళ్లలోంచి తీయగానే తడిసిన జుట్టులా ముద్దయిపోతుంది. అందుకని వెడల్పాటి పళ్లెంలో సముద్రపు నీళ్లు పోసి అందులో వదలాలి. అది మళ్లీ విచ్చుకుంటుంది. దాని అడుగుకు మందపాటి కాగితాన్ని జరిపి, సూదితోనో మెత్తటి కుంచెతోనో ఒక్కొక్క కొమ్మనూ సర్ది, కాగితాన్ని ఒక పక్క నుంచి మెల్లగా లేపాలి. నీళ్లు జారిపోయేటప్పుడు సర్దిందేదీ చెదరకూడదు. పైన పలచటి మల్లుగుడ్డ పరచాలి. లేకపోతే బ్లాటింగ్ పేపరుకు అంటుకుని ఊడి వస్తుంది. ఆ పైన బ్లాటింగ్ పేపర్లు, వాటి మీద బరువు. రోజూ తడి కాగితాలు తీసేసి పొడి కాగితాలు పెట్టాలి. చాలా రకాల నాచుకు జిగురు అక్కర్లేదు, దాని ఒంట్లోని జిగటే దాన్ని కాగితానికి అతికిస్తుంది. ఎర్ర నాచును మంచినీళ్లలో నాననిస్తే మాత్రం రంగు దిగిపోతుంది. ఇవన్నీ పుస్తకంలో ఉంటాయి. కానీ తడి ఎంత ఉండగా గుడ్డ తీయాలో పుస్తకం చెప్పలేదు. అది వడియాలు ఎండబెట్టిన చేతికి తెలిసే లెక్క.

అన్నీ అయ్యాక కాగితం కింద కుడి మూల ఒక చీటీ అంటిస్తాం. మొక్క పేరు, దొరికిన చోటు, తేదీ, సేకరించిన వారి పేరు. హెర్బేరియం షీటుకు ప్రాణం ఆ చీటీయే. నాచును ఎంత అందంగా పరిచినా చీటీ లేకపోతే శాస్త్రానికి అది పనికిరాదు. నాచు కళను చదివేవాళ్లు బొమ్మతో ఆగిపోతున్నారనీ, చీటీని కూడా చదవాలనీ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. అందులో ఎవరి పేరుంది, ఎవరి పేరు లేదు, ఎందుకు లేదు?

అన్నా అట్కిన్స్ 1799లో ఇంగ్లండ్‌లో పుట్టింది. ఆమె పసిబిడ్డగా ఉన్నప్పుడే తల్లి చనిపోయింది. తండ్రి జాన్ జార్జ్ చిల్డ్రన్ శాస్త్రవేత్త, బ్రిటిష్ మ్యూజియం ఉద్యోగి. ఆ కాలపు ఆడపిల్లలకు దొరకని చదువు ఆమెకు తండ్రి వల్ల దొరికింది. గవ్వల మీద లామార్క్ రాసిన గ్రంథాన్ని తండ్రి అనువదిస్తే దానికి రెండు వందలకు పైగా బొమ్మలు గీసింది. 1842లో జాన్ హెర్షెల్ సయనోటైప్ పద్ధతి కనిపెట్టాడు. ఇనుప లవణాలు పూసిన కాగితాన్ని ఎండలో పెట్టి నీళ్లలో కడిగితే ఎండ తగిలిన చోటు ముదురు నీలంగా మారుతుంది, తగలని చోటు తెల్లగా మిగులుతుంది. తర్వాతి రోజుల్లో ఇంజనీర్లు వాడిన బ్లూప్రింట్ ఇదే. నాచు వంటి సన్నటి వాటిని చేత్తో కచ్చితంగా గీయడం కష్టమని గ్రహించిన అట్కిన్స్, ఎండిన నమూనాలను ఆ కాగితం మీద పెట్టి పైన గాజుపలక ఉంచి ఎండకు వదిలింది. 1843 అక్టోబరులో బ్రిటిష్ నాచుల మీద ఆమె పుస్తకం మొదటి భాగం వచ్చింది. ఫొటోలతో వచ్చిన మొదటి పుస్తకంగా ఇవాళ దాన్నే చెబుతున్నారు. టాల్బట్ 'పెన్సిల్ ఆఫ్ నేచర్' రావడం మొదలైంది 1844లో. ఆమె 1853 దాకా ఆ పని చేస్తూనే ఉంది.

ఆ పేజీలను నేను కంప్యూటర్ తెర మీదే చూశాను. నీలం మధ్యలో తెల్లటి నీడ. నాచు మందంగా ఉన్న చోట అచ్చమైన తెలుపు, పలచగా ఉన్న చోట లేత నీలం, ఒక కొమ్మ మీద ఇంకో కొమ్మ పడిన చోట మళ్లీ తెలుపు. నాచు ఒంటి మందమే ఇక్కడ రంగుగా మారింది. ఇది యంత్రం చేసినట్టు కనిపిస్తుంది గానీ కాదు. ఏ నమూనాను ఎంచుకోవాలి, కాగితంలో ఎంత ఖాళీ వదలాలి, పొడుగాటి తీగను ఎటు వంచితే పేజీలో ఇముడుతుంది అనే నిర్ణయాలన్నీ ఆమెవే. హార్వే 1841లో రాసిన నాచుల పుస్తకానికి బొమ్మలు లేవు కాబట్టి దానికి తోడుగా శాస్త్రం కోసం చేసిన పని ఇది. ఆమె కళాకారిణినని చెప్పుకోలేదు. అయినా ఒక్కో పేజీలో ఖాళీ నీలం ఎంత ఉండాలో తెలిసిన కన్ను ఉంది. లేసు, ఈక అనే పోలికల దగ్గర ఆగిపోయిన విమర్శకు ఈ నిర్ణయాలు కనిపించవు. సుకుమారం నాచుది. నిర్ణయం మనిషిది. ఆ రెండింటినీ కలిపేస్తే మనిషి మాయమవుతుంది.

నిజంగా మాయమయింది కూడా. ప్రతి పేజీలో మొక్క పేరు ఆమె చేతిరాతలోనే అచ్చయింది. ఆమె పేరు మాత్రం లేదు. పీఠిక చివర ఏ.ఏ. అని రెండక్షరాలు పెట్టి వదిలేసింది. 1889 నాటికి ఆమె పోయి పద్దెనిమిదేళ్లయింది. అప్పుడు విలియం లాంగ్ అనే పుస్తక సేకర్త ఆ రెండక్షరాలకు 'అనానిమస్ అమెచ్యూర్' అని అర్థం చెప్పాడు. అంటే పేరు తెలియని ఔత్సాహిక వ్యక్తి. ఒక స్త్రీ తన పేరులోని మొదటి అక్షరాలు రాస్తే పేరు లేకపోవడమే ఆమె పేరని చదివారు. ఎవరో తర్వాత తేలింది. గ్రంథాలయాల్లో చెదిరి ఉన్న ప్రతులను వెతికి ఆమె కథను లోకానికి పూర్తిగా చెప్పింది ల్యారీ షాఫ్ 1985లో వేసిన పుస్తకం.

ఇక్కడితో ఆపితే మనకు అలవాటైన కథే అవుతుంది. ప్రతిభ గల స్త్రీ, మరుగుపడిన పేరు, ఆలస్యంగా వచ్చిన గుర్తింపు. కానీ అట్కిన్స్ కంటే పదేళ్ల ముందు వచ్చిన ఇంకో పుస్తకం ఈ కథను అంత సాఫీగా సాగనివ్వదు. 1833లో ఇంగ్లండ్ దక్షిణాన డెవన్ తీరంలో 'ఆల్గే డాన్మోనియెన్సెస్' అనే సంపుటాలు రావడం మొదలయింది. వాటిలో బొమ్మల్లేవు. ప్రతి ప్రతిలోనూ నిజమైన నాచే, ఎండబెట్టి అతికించింది. సంపుటానికి యాభై దాకా నమూనాలు. దాని మీద ఉన్న పేరు మేరీ వయట్. టార్కీ ఊళ్లో గవ్వలమ్మే దుకాణం ఆమెది. దుకాణం పెట్టక ముందు అమీలియా గ్రిఫిత్స్ ఇంట్లో పనిమనిషి. గ్రిఫిత్స్ 1768లో పుట్టింది, మతాధికారిని పెళ్లాడింది, భర్త పోయాక పిల్లల్ని పెంచుకుంటూ తీరం వెంట నాచు ఏరింది. నాచు విషయంలో ఆమె మాటే ప్రమాణమని ఆనాటి శాస్త్రవేత్తలు ఒప్పుకున్నారు. 1817లో స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ ఆగార్డ్ ఒక ఎర్ర నాచు ప్రజాతికి గ్రిఫిత్సియా అని పేరు పెట్టాడు. ఇంత తెలిసిన గ్రిఫిత్స్ తన పేరుతో పుస్తకం వేయలేదు. ఆమె పేర్లు సరిచూస్తే, వయట్ సేకరించి, అద్ది, కుట్టి, అమ్మింది.

ఇందులో నన్ను ఆపేసింది ఏమిటంటే, పేరు బయటపెట్టుకోకపోవడం దొరసానికి మర్యాద. పనిమనిషికి ఆ మర్యాద లేదు, ఆమె బతకాలి, అమ్మాలి. సరుకు మీద అమ్మేవాళ్ల పేరుండాలి కాబట్టి ఆమె పేరుంది. దొరసాని పేరు లాటిన్‌లోకి ఎక్కింది, శాస్త్రం ఉన్నంత కాలం ఉంటుంది. పనిమనిషి పేరు దుకాణం చీటీగా మిగిలింది. స్త్రీల పేర్లు మరుగున పడ్డాయని అనేటప్పుడు ఏ స్త్రీల పేర్లు, ఏ రకంగా అని కూడా అడగాలి. అట్కిన్స్ పుస్తకం ఒక్కో పూర్తి ప్రతిలో దాదాపు 400 పేజీలున్నాయి. అలాంటి ప్రతులు డజనుకు పైగా చేసింది. ప్రతి పేజీకీ కాగితానికి పూత పూయాలి, చీకట్లో ఆరబెట్టాలి, ఎండలో పెట్టాలి, నీళ్లలో కడగాలి. వేల కాగితాలకు వేల సార్లు నీళ్లు. అంతటి ఇళ్లలో నీళ్లు మోసేది ఇంటి యజమానురాలు కాదు. మోసిన వాళ్లకు ఏ.ఏ. అనే రెండక్షరాలైనా మిగల్లేదు.

ఇక్కడ మన భాషలోని ఒక మాట గుర్తొస్తుంది. నాచును పాచి అంటాం. మా దిక్కు పాశి అంటరు. విశాఖపట్నంలో ఉన్నప్పుడు 'పాచిపని' అనే మాట మొదట విన్నాను. పొద్దున్నే వచ్చి వాకిలి ఊడ్చి, అంట్లు తోమే పని. రాత్రి మిగిలిన దాన్ని, నిలవున్న దాన్ని, కడగని దాన్ని పాచి అంటారు. రాయి మీద పెరిగే పచ్చటి పొరకూ, ఇంట్లో ఇంకో స్త్రీ వచ్చి కడిగిపోయే మురికికీ మన భాష ఒకే మాట వాడుకుంది. తమిళులు సముద్రపు నాచును పాసి అంటారు. మేరీ వయట్ రెండు పాచిపనులూ చేసింది. గ్రిఫిత్స్ ఇంట్లో చేసింది కళ కాదు, దుకాణంలో చేసింది ఇవాళ మ్యూజియం వస్తువు. రెండు చోట్లా పని చేసింది ఆ చేతులే.

మార్గరెట్ గ్యాటీ 1848లో ఆరోగ్యం బాగాలేక హేస్టింగ్స్ తీరంలో విశ్రాంతి తీసుకుంటూ నాచు మీద ఇష్టం పెంచుకుంది. 1863లో 'బ్రిటిష్ సీ-వీడ్స్' ప్రచురించింది. దాని పీఠికలో ఆడవాళ్లకు ఆమె ఇచ్చిన సలహాలు ముచ్చటగా ఉంటాయి. కాళ్లకు అడ్డం పడే గౌన్లు వద్దు, మగపిల్లల బూట్లు తొడుక్కోండి, నీళ్లలో దిగడానికి జంకకండి అంటుంది. మళ్లీ మగతోడు ఉంటే మంచిదనీ అంటుంది. గౌను అంచు నాలుగు అంగుళాలు పైకి జరపడానికి అంత వాదించాల్సిన కాలం అది. మన పక్కనే తమిళనాడులో, రామనాథపురం తీరంలో మత్స్యకార స్త్రీలు తరాలుగా నాచు కోస్తున్నారు. చీర గోచీ పోసి కట్టుకుని, కళ్లకు అద్దాలు పెట్టుకుని, పదునైన రాళ్లు కోసుకోకుండా వేళ్లకు గుడ్డ పీలికలు చుట్టుకుని, ఊపిరి బిగబట్టి మునుగుతారు. వాళ్లకు బట్టల గురించి పీఠిక రాసిన వాళ్లెవరూ లేరు. వాళ్లు తెచ్చిన నాచు అగర్ అవుతుంది. మన వంటింట్లో చైనా గ్రాస్ అనేదీ, ల్యాబుల్లో బ్యాక్టీరియాను పెంచే జెల్లీ అదే. 1986లో మన్నార్ సింధుశాఖ దీవులను జాతీయ పార్కుగా ప్రకటించిన తర్వాత అక్కడికి పోయి కోసే స్త్రీలు నేరస్థులయ్యారు. సముద్రం దెబ్బతినకుండా ఎన్ని రోజులు కోయాలో, ఎలా కోయాలో తామే కట్టుబాట్లు పెట్టుకుని బతుకుదెరువు కోసం మాట్లాడారు. వాళ్లలో చిన్నపాలం ఊరి లక్ష్మికి 2015లో సీకాలజీ బహుమతి వచ్చింది. నాచు గురించి ఇంత తెలిసిన స్త్రీలు నాచు కళ గురించిన వ్యాసాల్లో ఎక్కడా కనిపించరు. ఒక పనికి కళ అనే పేరు రావడానికి అది ఎక్కడ, ఎవరి చేత, దేని కోసం జరిగిందన్నదే కొలమానమవుతోందని 1981లోనే రొజికా పార్కర్, గ్రిసెల్డా పొల్లాక్ తమ 'ఓల్డ్ మిస్ట్రెసెస్' పుస్తకంలో వాదించారు. నాచు విషయంలో ఆ వాదం ఇంకా పాతబడలేదు.

ఇవన్నీ చదువుతున్నంత సేపూ నా మనసులో మా బతుకమ్మ మెదులుతూనే ఉంది. రెండూ ఏరి తెచ్చిన మొక్కలతో స్త్రీలు చేసే పనులే. రెండింటికీ నీళ్లు కావాలి. కానీ దారులు ఎదురెదురు. నాచు నీళ్లలోంచి కాగితం మీదికి వస్తుంది, ఉండిపోతుంది. బతుకమ్మ చేను గట్టు మీంచి సిబ్బిలోకి వచ్చి, నీళ్లలోకి పోతుంది. తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలు, పట్టుకుచ్చులు. గునుగు కొసలు సమంగా కోసి, రంగుల్లో ముంచి, ఆరబెట్టి, కట్టలు కట్టి, గుమ్మడి ఆకుల మీద వరుస వెంట వరుస పేర్చాలి. పైకి పోయిన కొద్దీ వలయం చిన్నదవ్వాలి, ఎటూ ఒరగకూడదు. తలెత్తుకున్నప్పుడు చెదరకూడదు. నడుమ ఖాళీని ఆకుల తుంపులతో ఎంత గట్టిగా నింపాలో పేర్చే చేతికే తెలుసు. రంగుల వరుస ముందే మనసులో లేకపోతే కుదరదు. అట్కిన్స్ పేజీలో నేను చూసిన నిర్ణయాలన్నీ ఇందులోనూ ఉన్నాయి. పూట గడిచేసరికి చెరువు పాలవుతుంది.

ఒకసారి చిన్నతనంలో, ఇంత కష్టపడి పేర్చింది ఒక్క రోజైనా ఇంట్లో ఉంచుకుందామని అమ్మనడిగాను. "ఎవలన్న దాసుకుంటరా బిడ్డా, నీళ్లల్ల ఇడ్వాలె" అంది. ఆ మాటలో నాకు ఇప్పటికీ గొప్ప కళాదృష్టి కనిపిస్తుంది. చేసిన దాన్ని ఆస్తిగా చూడకపోవడం, మళ్లీ ఏడాది మళ్లీ చేయగలనన్న ధీమా అందులో ఉన్నాయి. అయితే దీన్ని మరీ ఎత్తి పట్టుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. వదిలేసే కళ గొప్పదని మనం పొగుడుతుంటే, వదిలేయడం తప్ప ఇంకో దారి లేని వాళ్ల సంగతి పక్కకు పోతుంది. కాగితం, బీరువా, తాళం ఉన్న వాళ్లే దాచుకోగలరు. దాచని పనికి చీటీ లేదు. చీటీ లేని పనికి చరిత్ర లేదు. మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పాత బతుకమ్మ ఫొటోలో బతుకమ్మ నిండుగా ఉంది, చుట్టూ కొత్త బట్టల్లో పిల్లలం ఉన్నాం. పేర్చిన అమ్మ లేదు, అప్పటికి వంటింట్లో సద్దులు కలుపుతోంది. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, తంగేడు రాష్ట్ర పుష్పమయింది. పండుగకు గుర్తింపు వచ్చింది, పేర్చే చేతులు ఇంకా ఏ.ఏ. లుగానే ఉన్నాయి. ఊరి బతుకమ్మ, వాడ బతుకమ్మ వేరువేరు చోట్ల ఆడిన ఊళ్లలో ఏ చెరువు గట్టు ఎవరిదో, ఎవరు పేర్చింది ముందు నీళ్లకు పోయేదో కూడా చీటీలో రాయాల్సిన విషయాలే. తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీల జ్ఞాపకాలతో స్త్రీ శక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు మన దగ్గర జరిగింది అదే, చీటీలు రాయడం. పోరాటానికి రాసినట్టే పూలకూ రాయాలి.

కరీంనగర్‌కు సముద్రం లేదని మొదట్లో అన్నాను. అది ఈనాటి సంగతి. ప్రాణహిత-గోదావరి లోయలో పాఖాల సున్నపురాళ్లున్నాయి. వంద కోట్ల ఏళ్ల కంటే పాతవి. లోతు తక్కువ సముద్రం ఇక్కడ ఉన్నప్పుడు పేరుకున్నవి. వాటిలో స్ట్రొమటోలైట్లు అనే శిలాజాలు దొరుకుతాయి. ఉల్లిగడ్డను అడ్డంగా కోస్తే కనిపించే పొరల్లాగా ఉంటాయి. నీలి ఆకుపచ్చ నాచు చాపలా పెరిగి, ఒండ్రును పట్టి ఉంచి, దాని మీద మళ్లీ పెరిగి, పొర మీద పొరగా రాయి అయిన ఆనవాళ్లవి. చౌధురి అనే భూగర్భ శాస్త్రవేత్త 1970లో వీటి మీద పరిశోధనా వ్యాసం ప్రచురించారు. వాటికి ఎంతో తర్వాతి కాలపు సింగరేణి బొగ్గు పొరల్లో గ్లాసోప్టెరిస్ ఆకుల అచ్చులున్నాయి. నాలుకలాంటి ఆకు, నడిమి ఈనె, వల అల్లినట్టు సన్నటి ఈనెలు. గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లి పిల్లలకు ఇంత దగ్గరలో ఇంత పెద్ద హెర్బేరియం ఉంది. నాచును అద్దడం విదేశీ దొరసానుల ముచ్చట అని అనుకునే మా పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడు కళ్లు పెద్దవి చేశారు. భూమి అద్ది పెట్టింది గానీ చీటీ రాయలేదు. అది మనుషులు చేయాల్సిన పని.

చీటీ గురించి ఇంతగా పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. గునుగు తగ్గిపోతోంది. మా జిల్లాల్లో అది పత్తి చేలల్లో, మొక్కజొన్న చేలల్లో తనంత తానే మొలిచే కలుపు. కలుపు తీయడం ఆడవాళ్ల కూలీ పని. పండుగ నాటికి గట్ల మీద మిగిలిన గునుగు బతుకమ్మకు వచ్చేది. కలుపుమందు కొట్టడం మొదలైన చేలల్లో గునుగూ పోయింది, కలుపు కూలీ కూడా పోయింది. ఒకే డబ్బాతో ఆ స్త్రీ చేతిలోంచి పనీ, సిబ్బిలోంచి పువ్వూ పోయాయి. ఇప్పుడు టౌన్లో గునుగు కట్టలు కొనుక్కుంటున్నాం. ఏటికేడు కట్ట చిన్నదవుతోంది. ఏ ఊళ్లో, ఏ చేనులో, ఏ ఏడు దాకా గునుగు ఉండేదో చెప్పడానికి ఇంకో ముప్పై ఏళ్ల తర్వాత ఒక ఎండిన కొమ్మ, ఒక చీటీ కావాలి.

అందుకే రిటైరయ్యాక కరీంనగర్‌లో మా డాబా మీద, తెలిసిన ఆడపిల్లలతో కలిసి అట్కిన్స్ పద్ధతిని మా మొక్కలతో చేసి చూస్తున్నాను. ఎండకు కొదవ లేదు. గునుగు కంకి దళసరిది, తెల్లటి మచ్చగా తప్ప పడదు. దాన్ని చీల్చి సగం చేసి పెట్టాలని పిల్లలే కనుక్కున్నారు. తంగేడు రేకులు పలచన, వాటిలోని ఈనెలు కూడా లేత నీలంలో పడ్డాయి. చెరువు పాశి పళ్లెంలో వెంట్రుకల్లా విచ్చుకుని, కాగితం మీద అచ్చు సముద్రపు నాచులాగే కూర్చుంది. వీటిని అందమైన బొమ్మలనే అంటాను, సిగ్గుపడను. అందం ఉంటేనే ఎవరైనా దగ్గరికొచ్చి చీటీ చదువుతారు. ఒకమ్మాయి గునుగు అచ్చు ఆరబెట్టి నన్నడిగింది. "మేడం, చీటీల ఎవరి పేరు రాయాలె? పువ్వు తెచ్చింది మా అమ్మ. అద్దింది నేను. కాయిదం మీది." వాళ్లమ్మ చేలల్లో కూలికి పోతుంది. హెర్బేరియం చీటీలో సేకరించినవారు అని ఒకే గీత ఉంటుంది. నేను చదువుకున్నప్పుడు ఆ గీత సరిపోతుందనే నేర్పారు. ఆ అమ్మాయి ప్రశ్నకు ఆ గీత సరిపోలేదు. ఇప్పుడు మా చీటీలో తెచ్చినవారు, అద్దినవారు, పేరు చెప్పినవారు అని మూడు గీతలున్నాయి. మొక్క లాటిన్ పేరు కంటే ముందు ఊళ్లో ఏమంటారో రాస్తున్నాం. చేను ఎవరిదో, మందు కొడుతున్నారో లేదో కూడా రాస్తున్నాం.

నాచు నమూనాల నుంచి స్ఫూర్తి పొందే కళాకారుల్లో చాలామంది స్త్రీలే. వాళ్ల పని చూసినప్పుడు విమర్శకులు అడగాల్సిన ప్రశ్నలు ఇవేనని నాకనిపిస్తుంది. ఈ మొక్కను నీళ్లలో దిగి తెచ్చిందెవరు? ఆమెకు ఎంత ముట్టింది? పేరు తెలిసిన కళాకారిణి చీటీలో ఆమెకు ఒక గీత ఉందా? బతుకమ్మను దాచిపెట్టమని నేననడం లేదు. అమ్మ చెప్పినట్టు నీళ్లల్ల ఇడ్వాల్సిందే. నీళ్లకు పోయే ముందు, ఈసారి ఎవరు పేర్చారో, పూలు ఏ చేను నుంచి ఎవరు తెచ్చారో ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకుందాం.